షుగర్ లేని అమ్మకు కీటోన్లు 3 ప్లస్, షుగర్ ఉన్న పక్క బెడ్ ఆయనకు 1 ప్లస్. మరి ఐసీయూకి ఆయన్నెందుకు తీసుకెళ్లారు?

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మగారికి 58 ఏళ్లు, షుగర్ లేదు. నాలుగు రోజుల జ్వరం, వాంతులతో ఆసుపత్రిలో చేర్చారు. యూరిన్ రిపోర్టులో కీటోన్లు (ఒళ్లు కొవ్వు కరిగించినప్పుడు తయారయ్యేవి) 3 ప్లస్ వచ్చాయి. డాక్టరు చూసి "ఏం కాదు, గంజి పట్టండి" అని వెళ్లిపోయారు. పక్క బెడ్‌లో ఎప్పటినుంచో షుగర్ ఉన్న ఒకాయనకు 1 ప్లసే వచ్చింది. ఆయన్ని మాత్రం రాత్రికి రాత్రే ఐసీయూకి మార్చారు. రిపోర్టులు తారుమారయ్యాయా, లేక అమ్మను పట్టించుకోవడం లేదా అని మీ టెన్షన్.

తారుమారు అయ్యుండవు. మీరు రాసినదాన్ని బట్టి ఇద్దరి విషయంలోనూ డాక్టర్లు సరిగానే చేశారనిపిస్తోంది. కీటోన్ల విషయంలో ఎన్ని ప్లస్‌లు అని కాదు, ఎవరి మూత్రంలో, ఎందుకు వచ్చాయి అని చూడాలి. నాలుగు రోజులు అన్నం ముట్టని మనిషికి 3 ప్లస్ వస్తే అది ఆకలి. షుగర్ ఉన్న మనిషికి 1 ప్లస్ వచ్చి, తోడుగా వాంతులో ఆయాసమో ఉంటే అది ఇన్సులిన్ కరువు కావచ్చు. ఆకలైతే తిండితో పోతుంది. ఇన్సులిన్ కరువైతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఒక్క షరతు. అమ్మకు షుగర్ లేదంటున్నారు, చివరిసారి ఎప్పుడు చూపించారు? మన వైపు "షుగర్ లేదండి ఆయ్" అంటే సగం మంది విషయంలో "ఎప్పుడూ పరీక్ష చేయించలేదు" అని అర్థం. కేస్ షీట్‌లో జీఆర్‌బీఎస్ అని వేలి చుక్క షుగర్ అంకె ఉంటుంది, సిస్టర్‌గారిని అడగండి. అది మామూలుగా ఉంటే కింద రాసింది నింపాదిగా చదవండి. 200 దాటి ఉంటే ఇది పక్కన పెట్టి ముందు డ్యూటీ డాక్టర్ని పిలవండి.

నేను జనరల్ ఫిజీషియన్ని, కోనసీమలో ప్రాక్టీసు. హౌస్ సర్జన్సీ నుంచి లెక్కేస్తే ఇరవై ఆరేళ్లు. ఈ ప్రశ్న మీరు అడిగినంత స్పష్టంగా కాకపోయినా వార్డులో వారానికి ఒకరైనా అడుగుతారు.

మనది డెల్టా కాబట్టి కాలవ భాషలో చెప్తాను. రక్తంలో షుగర్ అంటే కాలవలో నీళ్లు. ఒంట్లోని కణాలు చేలు. తూము ఎత్తే లస్కరు ఇన్సులిన్. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు రైతులు డీజిల్ ఇంజను వేసి బోరు నీళ్లు తోడుకుంటారు కదా, తిండి లేని ఒళ్లు చేసేదీ అదే. సుమారు ఒక రోజు గడిచేసరికి లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ అడుగంటుతుంది. అప్పుడు ఒళ్లు కొవ్వు కరిగిస్తుంది. లివర్ ఆ కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసి మెదడుకూ గుండెకూ పంపుతుంది. ఇంజను అన్నాక కాస్త పొగ వస్తుంది, ఆ పొగే మూత్రంలో ప్లస్‌లు. లస్కరు ఊళ్లోనే ఉన్నాడు కాబట్టి ఇంజను జోరు మరీ పెరగనివ్వడు. కాలవకు నీళ్లు వదిలిన మర్నాడే కట్టేయిస్తాడు. మీ అమ్మగారి పరిస్థితి ఇది.

పక్క బెడ్ ఆయన సంగతి వేరు. కాలవ గట్టు దాకా నీళ్లున్నాయి, లస్కరు లేడు. తూములు ఎత్తేవాడు లేక చేలు ఎండుతున్నాయి. ఎండుతున్నాయని ఊరంతా ఇంజన్లు వేసింది, వాటిని ఆపేవాడూ లేడు. కీటోన్లలో ప్రధానమైన రెండూ ఆమ్లాలు. అవి అదుపు లేకుండా పేరుకుంటే రక్తం పులిసిపోతుంది. దాన్నే డయాబెటిక్ కీటో అసిడోసిస్ అంటారు, వార్డులో మేం డీకేఏ అంటాం.

మరి అంత ప్రమాదమైతే 1 ప్లసే ఎందుకు వచ్చింది? ఈ చిక్కు చాలామంది జూనియర్ డాక్టర్లకు కూడా ఒక కేసు తగిలే దాకా తలకెక్కదు.

కీటోన్లు మూడు రకాలు: అసిటో అసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్, అసిటోన్. యూరిన్ స్ట్రిప్‌లో కీటోన్ గడి మీద ఉండే మందు నైట్రోప్రసైడ్. అది పట్టుకునేది ముఖ్యంగా అసిటో అసిటేట్‌నే. బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ ఆ స్ట్రిప్ కంటికి ఆనదు. డీకేఏలో ఎక్కువగా తయారయ్యేది అదే. మామూలు రోజుల్లో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. డీకేఏ ముదిరేకొద్దీ బీటా మూడింతలు, ఒక్కోసారి పదింతలు అవుతుంది. అంటే దొంగల్లో నలుగురైదుగురు లోపల ఉంటే గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక్కణ్ణి చూసి స్ట్రిప్ 1 ప్లస్ అని రాసింది. ఆయనకు ఏబీజీ తీసి రక్తం పులుపు చూసుంటారు, లేదా వేలి చుక్కతో బ్లడ్ కీటోన్ చూసుంటారు. అందులో 0.6 లోపు మామూలు, 3 దాటితే డీకేఏ లెక్కలోకి వస్తుంది. ఐసీయూ నిర్ణయం దాని మీద జరుగుతుంది, యూరిన్ రిపోర్టు మీద కాదు.

మా హౌస్ సర్జన్సీ రోజుల్లో ప్రతి వార్డుకూ స్ట్రిప్‌లు ఉండేవి కావు, రోథెరా టెస్ట్ మేమే చేసుకునేవాళ్లం. టెస్ట్‌ట్యూబులో కాస్త మూత్రం పోసి, ఇక కరగదు అనేంత దాకా అమ్మోనియం సల్ఫేట్ వేసి, నైట్రోప్రసైడ్ పలుకు ఒకటి పడేసి, అమ్మోనియాను గాజు గోడ వెంట మెల్లగా జారవిడవాలి. రెండు ద్రవాలు కలిసేచోట పర్మాంగనేట్ రంగులో ఉంగరం కట్టేది. 1908 నాటి పరీక్ష అది. ఇప్పటి స్ట్రిప్‌లో ఉన్నదీ అదే రసాయనం, గడిలో ఆరబెట్టారంతే. లేత గోధుమ రంగు గడి ముందు గులాబీకి తిరుగుతుంది, కీటోన్లు ఎక్కువుంటే వంకాయ రంగు తేలుతుంది. సీసా మీద రాసిన సెకన్లకే చూడాలి. ఫోన్ మాట్లాడుతూ రెండు నిమిషాల తర్వాత చూస్తే 1 ప్లస్ కాస్తా 2 ప్లస్ అయి కూర్చుంటుంది.

మన గాలిలో తేమ సంగతి కూడా చెప్పాలి. స్ట్రిప్‌ల సీసా మూత సరిగా పెట్టకపోతే నైట్రోప్రసైడ్ గడి పాడైపోతుంది, ఉన్న కీటోన్లు కూడా లేవంటుంది. మూత్రం పట్టి గంటల తరబడి కిటికీలో పెట్టేసినా అంతే. అటు కీటోన్లు లేకుండానే రంగు చూపించే మందులు కొన్ని ఉన్నాయి: బీపీకి వాడే కాప్టోప్రిల్, ఎన్ అసిటైల్ సిస్టీన్ లాంటివి. మూత్రమే ముదురు రంగులో ఉంటే గడి రంగు చదవడం కూడా కష్టం. కాబట్టి ఒక్క కాగితం పట్టుకుని భయపడనూ వద్దు, ధీమా పడనూ వద్దు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. హౌస్ సర్జన్‌గా ఉండగా పదమూడేళ్ల అమ్మాయిని కడుపునొప్పి, వాంతులతో తెచ్చారు. ఊళ్లో ఆర్‌ఎంపీగారు అప్పటికే రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కించి పంపారు. అపెండిక్స్ అనుమానంతో సర్జరీ వార్డులో చేర్చుకున్నాం. మూత్రంలో షుగర్ 3 ప్లస్, అసిటోన్ 3 ప్లస్. నేనేమనుకున్నానంటే, గ్లూకోజ్ ఎక్కించారు కాబట్టి షుగర్, వాంతులు కాబట్టి అసిటోన్. ఒక్కోదానికి ఒక్కో సంజాయిషీ చెప్పుకుని కేస్ షీట్ మూసేశాను. తెల్లవారుజామున మూడింటికి ఆ పిల్ల ఊపిరి తీస్తున్న తీరు చూసి ఆగిపోయాను. పరిగెత్తుకొచ్చిన మనిషిలా లోతుగా, ఒకే లయలో, ఆగకుండా. ఛాతీలో పిల్లికూతలు లేవు, దగ్గు లేదు. దగ్గరికి వంగితే రావులపాలెం అరటి యార్డులో మధ్యాహ్నం పూట కొట్టే వాసన, గెలలు మగ్గిపోయి తొక్క నల్లబడ్డాక వచ్చే తియ్యటి పులిసిన వాసన. వేలి చుక్క చూస్తే 480. ఆ ఊపిరిని 1874లోనే కుస్‌మాల్ అనే జర్మన్ డాక్టరు వర్ణించి పెట్టాడు, పరీక్షలో నేను పేరాలు పేరాలు రాసినవాణ్ణే. సెలైన్, ఇన్సులిన్ పెట్టాక సాయంత్రానికి కడుపునొప్పి దానంతటదే పోయింది. నొప్పి కూడా డీకేఏదే, అపెండిక్స్‌ది కాదు. ఇంకో రెండు గంటలు ఆగితే ఆ పిల్లను ఆపరేషన్ బల్ల ఎక్కించేవాళ్లం. మూత్రంలో షుగర్, కీటోన్లు రెండూ కలిసి కనిపిస్తే ముందు వేలి చుక్క షుగర్ చూడాలి, సంజాయిషీలు తర్వాత. ఆ రోజు నుంచి నా వార్డులో ఇది రూలు.

దీనికి పూర్తి తిరకాసు కేసు ఒకటి ఈమధ్య ఎక్కువగా చూస్తున్నాం. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన, యాభై దాటాయి. రెండు రోజులుగా వాంతులు, నీరసం. బయట చూపిస్తే షుగర్ 168, "కంట్రోల్‌లోనే ఉంది, గ్యాస్" అని ఇంజెక్షన్ చేసి పంపారు. నా దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో కూర్చునే ఆయాసపడుతున్నాడు. యూరిన్‌లో షుగర్ 3 ప్లస్, కీటోన్లు 2 ప్లస్. రక్తంలో 168 ఉంటే మూత్రంలో 3 ప్లస్ ఎందుకుంటుంది? మందుల సంచి బోర్లిస్తే అందులో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. షుగర్‌ని మూత్రంలోకి తోసేసే మందు అది. అంటే కాలవ నీళ్లు మురుగుకాలవలోకి వదిలేస్తోంది, అందుకే మట్టం తక్కువ కనిపిస్తోంది. తూములు మూసే ఉన్నాయి, ఇంజన్లు ఆడుతూనే ఉన్నాయి. పైగా ఆయన పది రోజులుగా ఎవరో చెప్పారని అన్నం మానేసి కొవ్వు డైట్ చేస్తున్నాడు. ఏబీజీలో పీహెచ్ 7.1. మామూలుగా 7.35 దాటి ఉండాలి, అంతకంటే తగ్గితే రక్తం పులిసినట్టు. షుగర్ పెరగకుండానే వచ్చే డీకేఏ ఇది.

మందు చెడ్డదని చెప్పడం లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఈ జాతి మందులు ఎంతో మేలు చేస్తాయి, నేనే రోజూ రాస్తాను. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ తీరాక అది మన దేశంలో చవకై ఇంటింటికీ చేరింది. కాకపోతే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు వాంతులైనా, తిండి తినలేకపోయినా ఆ బిళ్ల ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ముందే అనుకున్న ఆపరేషనైతే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తాం. పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా ఈ బిళ్ల పేరు చెప్పండి.

బిళ్ల ఆపమన్నానని ఇన్సులిన్ కూడా ఆపేస్తారు కొందరు, అది ఘోరం. 2022 జూలై వరదలప్పుడు ఒక లంక నుంచి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి పడవలో ఏటిగట్టుకు చేర్చి, అక్కణ్ణుంచి ఆటోలో తెచ్చారు. టైప్ 1 షుగర్, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతుకు. కరెంటు లేదు, అయినా వాళ్లమ్మ ఇన్సులిన్ సీసాను కవర్లో చుట్టి కొత్తకుండ నీళ్లలో పెట్టి భద్రంగా కాపాడింది. కానీ రెండు రోజులుగా పొడవలేదు. ఎందుకమ్మా అంటే "తిండే లేదు కదండీ, తినకుండా ఇన్సులిన్ చేస్తే షుగర్ పడిపోద్దని భయపడ్డానండీ" అంది. ఆవిడ మాటలో లాజిక్ ఉంది, అందుకే అంతమంది అదే తప్పు చేస్తారు. టైప్ 1 వాళ్లు తినకపోయినా నిదానంగా పనిచేసే బేసల్ ఇన్సులిన్ మొత్తానికి ఆపకూడదు. మోతాదు ఎంతన్నది డాక్టర్ని అడగాలి, షుగర్ మూడు నాలుగు గంటలకోసారి చూసుకోవాలి. ఆ కుర్రాడు బతికాడు, ఇప్పుడు ఫోన్ షాపు నడుపుతున్నాడు.

ఐసీయూ బయట బంధువులతో నాకు తరచూ వచ్చే గొడవ కూడా దీనికి సంబంధించిందే. "షుగర్ 200కి దిగింది కదండీ, ఇంకా ఇన్సులిన్ ఎందుకు? పైగా ఇంకో చేతికి గ్లూకోజ్ ఎక్కిస్తున్నారేంటి? ఓ చేత్తో పెంచడం, ఓ చేత్తో దించడమా?" అంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది. డీకేఏలో ఇన్సులిన్ పెట్టేది షుగర్ దించడానికి మాత్రమే కాదు, కీటోన్ల ఇంజన్లు కట్టేయించడానికి. షుగర్ ముందు దిగుతుంది, కీటోన్లు తర్వాత. ఆ సందులో షుగర్ మరీ పడిపోకుండా గ్లూకోజ్ తోడిస్తాం. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చినప్పుడు కూడా డాక్టర్లు మూత్రంలో షుగర్ తగ్గడంతో పాటు కీటోన్లు మాయమవడాన్నీ చూశారు.

షుగర్ లేనివాళ్లలో కీటోన్లు మామూలే అన్నాను కదా, అన్నిసార్లూ కాదు. రోజుల తరబడి తాగి, తిండి మానేసి, వాంతులతో వచ్చేవాళ్లకు నిజమైన అసిడోసిస్ వస్తుంది. షుగర్ మామూలుగానో తక్కువగానో ఉంటుంది, స్ట్రిప్ 1 ప్లసే చూపిస్తుంది, ఇక్కడ కూడా బీటాదే పెత్తనం. వాళ్లకు గ్లూకోజ్ కంటే ముందు, కనీసం దానితో పాటు, విటమిన్ బి1 పడాలి. తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచకండి. గర్భిణులకు మామూలువాళ్లకంటే త్వరగా కీటోన్లు వస్తాయి. నీళ్లు కూడా నిలవని వాంతులైతే ప్లస్‌లు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి రండి. గర్భంతో పాటు షుగర్ కూడా ఉంటే అదే రోజు. చిన్నపిల్లల్లో ఒక రాత్రి తినకపోయినా కీటోన్లు వస్తాయి, వాళ్లలో భయపడాల్సింది షుగర్ పడిపోవడం గురించి.

మిగతావన్నీ మామూలు కథలు. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసమున్నావిడ మర్నాడు పొద్దున్నే హెల్త్ చెకప్‌కి వెళ్లి 2 ప్లస్ చూసుకుని ఏడుస్తూ వచ్చింది. ఆపరేషన్ కోసం రాత్రి నుంచి ఏమీ తిననివాళ్లకు వస్తుంది. డెంగ్యూ జ్వరంతో వారం రోజులు నోరు చేదెక్కినవాళ్లకు వస్తుంది.

మీ అమ్మగారికి ఏం చేయాలి? డాక్టరు గంజి అన్నారు, అది చాలా మంచి మందు. గ్లాసు ఒకేసారి పట్టించకండి, కక్కేస్తారు. ఐదు నిమిషాలకు రెండు మూడు చెంచాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, రుచి కోసం పంచదార వేయొద్దు. కడుపు నిలిచాక ఇడ్లీ, మెత్తటి మజ్జిగన్నం. కొబ్బరినీళ్లు పట్టొచ్చు, అయితే కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడిగాకే, అందులో పొటాషియం ఎక్కువ. మా అమ్మమ్మ అయితే ఇలాంటప్పుడు తరవాణి తేట పట్టేది. నాకూ ఇష్టమే కానీ వాంతులవుతున్న మనిషికి ఆసుపత్రిలో నేను ఇవ్వను. కాస్త పిండిపదార్థం లోపల నిలిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆ ప్లస్‌లు పోతాయి. ఈలోపు ఊపిరి వేగం పెరిగినా, మత్తుగా ఉన్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా వెంటనే చెప్పండి. డిశ్చార్జి ముందు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి, 58 ఏళ్లు వచ్చాయి కదా.

పక్క బెడ్ ఆయన భార్య కనిపిస్తే ఒక మాట చెప్పండి. ఇన్సులిన్ పనిచేసేటప్పుడు ఒంట్లో ఉన్న బీటా కాస్తా మళ్లీ అసిటో అసిటేట్‌గా మారుతుంది. అంటే నిన్నటి దాకా స్ట్రిప్‌కు కనపడని దొంగలు ఇప్పుడు ఒక్కొక్కరే గుమ్మం దాటి బయటికొస్తారు. రేపు రిపోర్టులో ఆయనకు 2 ప్లస్ అని వస్తే ఆవిడ గాబరా పడిపోతుంది. రక్తంలో పులుపును విరిచే బైకార్బొనేట్ ఎంతకు వచ్చింది, ఆయాసం తగ్గిందా అని డాక్టర్ని అడగమనండి. అవి మెరుగవుతుంటే ఆ 2 ప్లస్‌ను పట్టించుకోనక్కర్లేదు.

అమ్మగారి జీఆర్‌బీఎస్ ఎంతో, ఏ మందులు వాడుతున్నారో కింద రాయండి. రాత్రి ఓపీ అయ్యాక చూస్తాను.